తలుపుకు ఊతకడ్డీ: రక్షణ ఎంత, హద్దులు ఎక్కడ

తలుపు లోపలి హ్యాండిల్ కింద ఒక కొస, నేల మీద మరో కొస ఆనేలా ఏటవాలుగా నిలబెట్టే ఉక్కు గొట్టాన్ని డోర్ సెక్యూరిటీ బార్, డోర్ జామర్ అనే పేర్లతో అమ్ముతున్నారు. ఈ వ్యాసంలో దాన్ని ఊతకడ్డీ అందాం. బయటి నుంచి తలుపు మీద పడే తోపుడును నేలకు దించడం దాని పని. గోడకు రంధ్రం చేయక్కర్లేదు, వడ్రంగిని పిలవక్కర్లేదు, అద్దె ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు. ఆ సౌలభ్యం వల్లనే ఒంటరిగా ఉండేవారికి, ప్రయాణాల్లో ఉండేవారికి దీన్ని సిఫారసు చేస్తుంటారు.

అది దొంగను ఆపుతుందా అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. ఆ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. కడ్డీ ఎంత బలాన్ని తట్టుకుంటుంది? ఏ రకం దొంగతనంలో అక్కరకొస్తుంది? లోపలున్నవారికి కొత్త ముప్పు ఏమైనా తెస్తుందా? మొదటిదానికి యంత్రశాస్త్రం చాలావరకు జవాబిస్తుంది. రెండోదానికి నేర సర్వేలు, దొంగలతో జరిపిన ఇంటర్వ్యూలు ఆధారం. అయితే ఆ అధ్యయనాలు ప్రధానంగా తాళాలు, కిటికీలు, లైట్లు, అలారంల గురించినవి. వాటి నుంచి ఊతకడ్డీ గురించి తేల్చేది అంచనాయే తప్ప నేరుగా కొలిచిన ఫలితం కాదు. ఆ తేడాను చివరిదాకా మరవకూడదు.

గోడను నమ్మిన గడియ, నేలను నమ్మిన కడ్డీ

తలుపుకు లోపలి నుంచి అడ్డు వేయడం మనకు పాత అలవాటే. మండువా లోగిళ్ళలో, పాత పెంకుటిళ్ళలో రెండు రెక్కల వీధి తలుపు వెనక అడ్డగడియ ఉండేది. ద్వారబంధానికి ఒక పక్క గోడలో లోతైన గూడు ఉంటుంది. పగలు చేవగల కర్ర అందులోకి ఒదిగి ఉంటుంది. రాత్రి దాన్ని బయటికి లాగి అవతలి గోడలో ఉన్న గూట్లోకి దూరుస్తారు. ఈ ఏర్పాటులో స్క్రూలు లేవు, మేకులు లేవు. తలుపును ఎవరు తోసినా ఆ తోపుడు కర్ర రెండు కొసల నుంచి మందపాటి గోడకు చేరుతుంది. కర్ర విరగాలి, లేదా గోడ పగలాలి.

న్యూయార్క్ అపార్ట్‌మెంట్లలో 20వ శతాబ్దంలో పేరుపడ్డ పోలీస్ లాక్‌ది మరో పద్ధతి. అందులో ఉక్కు కడ్డీ కింది కొస నేలలో బిగించిన లోహపు గుంటలో కూర్చుంటుంది, పై కొస తలుపుకు బిగించిన తాళంలో ఇరుక్కుంటుంది. నేటి ఊతకడ్డీకి దీనితో పోలిక ఉంది కానీ ఒక ముఖ్యమైన తేడా కూడా ఉంది. పోలీస్ లాక్‌కు నేలలో గుంట ఆధారం. ఊతకడ్డీకి అడుగున ఉన్న రబ్బరు ముక్క, దానికీ నేలకూ మధ్య ఉన్న రాపిడి మాత్రమే ఆధారం.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, అడ్డు బలం దాని లోహంలో కంటే అది ఆనుకున్న చోటులో ఎక్కువగా ఉందని తెలుస్తుంది. అట్ట పెట్టె మీద అచ్చేసిన కిలోల సంఖ్య కడ్డీ ఎంత నొక్కుడుకు వంగుతుందో చెప్పొచ్చు. మీ ఇంటి నేల మీద అది ఎప్పుడు జారుతుందో చెప్పదు.

కోణం చేసే పని

గోడకు ఆనించిన నిచ్చెన మరీ ఏటవాలుగా ఉంటే అడుగు జారుతుందని అందరికీ తెలుసు. ఊతకడ్డీకీ అదే సూత్రం. తలుపు మీద అడ్డంగా 100 కిలోల బరువుకు సమానమైన తోపుడు హ్యాండిల్ దగ్గర పడిందనుకుందాం. కడ్డీ సొంత బరువును వదిలేద్దాం.

కడ్డీ నేలతో 45 డిగ్రీల కోణం చేస్తే దాని పొడవునా సుమారు 141 కిలోల నొక్కుడు పడుతుంది. నేలను కిందికి నొక్కేది 100 కిలోలు, అడుగును జరిపేది కూడా 100 కిలోలే. అది జారకుండా ఉండాలంటే రబ్బరుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం కనీసం 1 ఉండాలి. ఇళ్ళ నేలల మీద అంత పట్టు అరుదు. కోణాన్ని 60 డిగ్రీలకు పెంచితే నేలను నొక్కే బలం 173 కిలోలవుతుంది, కావలసిన గుణకం 0.58కి తగ్గుతుంది. పొడిగా, శుభ్రంగా ఉన్న నేల మీద మంచి రబ్బరుకు ఇది సాధ్యమే. 70 డిగ్రీలకు నిలబెడితే 0.36 చాలు.

అలాగని నిటారుగా నిలబెట్టడమే మేలనుకుంటే రెండో చిక్కు ఎదురవుతుంది. కడ్డీ నేలను ఎంత బలంతో కిందికి నొక్కుతుందో, హ్యాండిల్‌ను అంతే బలంతో పైకి ఎత్తుతుంది. 60 డిగ్రీల దగ్గర 173 కిలోలు, 70 డిగ్రీల దగ్గర 275 కిలోలు. అడుగు జారే ముప్పు తగ్గేకొద్దీ హ్యాండిల్ ఊడే ముప్పు పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య 60 డిగ్రీల పరిసరం ఒక రాజీ. హ్యాండిల్ నేలకు మీటరు ఎత్తున ఉంటే ఆ కోణానికి కడ్డీ పొడవు సుమారు 115 సెంటీమీటర్లు, అడుగు తలుపు నుంచి 58 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

ఇది నిలకడగా తోసే బలానికి వేసిన లెక్క. కాలితో తన్నినప్పుడు, భుజంతో గుద్దినప్పుడు బలం క్షణకాలం మాత్రమే పడుతుంది. ఒక్కో దెబ్బకు అడుగు కాస్త కాస్త జరిగి, హ్యాండిల్‌కూ కడ్డీకీ మధ్య సందు ఏర్పడవచ్చు. కాబట్టి మొదటి దెబ్బను ఆపిన కడ్డీ పదో దెబ్బను కూడా ఆపుతుందని ఈ లెక్క హామీ ఇవ్వదు.

మన తలుపుల మీద ఇది ఎంత కుదురుతుంది

ఈ పరికరం గుండ్రటి నాబ్ ఉన్న ఒంటి రెక్క తలుపుకు బాగా నప్పుతుంది. దాని పై కొస పంగలకర్రలా చీలి, నాబ్ మెడ కింద కూర్చుంటుంది. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేది కిందికి నొక్కి తెరిచే పొడవాటి మార్టిస్ హ్యాండిల్. దాని కింద చీలిక సరిగ్గా కూర్చోకపోవచ్చు, పక్కకు జారవచ్చు. హ్యాండిల్ పలకను తలుపుకు పట్టి ఉంచేవి చిన్న స్క్రూలు. వాటిని బిగించింది మామూలు వాడకానికే తప్ప పైకి ఎత్తే వంద కిలోల బలానికి కాదు.

నేల మరో సమస్య. పాలిష్ చేసిన గ్రానైట్, మార్బుల్, విట్రిఫైడ్ టైల్స్ పొడిగా ఉన్నప్పుడు రబ్బరుకు పట్టు దొరకవచ్చు. తడిగుడ్డ పెట్టిన తేమ, సన్నటి దుమ్ము, గుమ్మం దగ్గర చల్లిన ముగ్గుపిండి ఆ పట్టును తగ్గిస్తాయి. గుమ్మం ముందు పరిచిన పట్టా మీద కడ్డీ నిలబెడితే పట్టాతో సహా జారుతుంది.

రెండు రెక్కల తలుపైతే ఒక రెక్కకు ఊతమిచ్చి లాభం తక్కువ. రెండో రెక్కను పట్టుకుని ఉండేది పైనా కిందా ఉన్న టవర్ బోల్టులే. అలాంటి తలుపుకు రెండు రెక్కల మీదుగా పోయే అడ్డగడియే సరైనది. ఇక బయటికి తెరుచుకునే తలుపుకు ఊతకడ్డీ అసలు పనికిరాదు. దాన్ని తెరిచేవాడు తోయడు, లాగుతాడు.

తలుపు చెక్కనూ చూడాలి. ఫ్లష్ డోర్లకు ఐఎస్ 2202, తలుపు రెక్కల పరీక్షలకు ఐఎస్ 4020 అనే భారతీయ ప్రమాణాలున్నాయి. తలుపు వంగడం, గట్టిగా మూసినప్పుడు తట్టుకోవడం వంటి మన్నికకు సంబంధించిన విషయాలను ఆ పరీక్షలు చూస్తాయి. ఐఎస్ఐ గుర్తు ఉన్నంత మాత్రాన గడ్డపార దెబ్బకు ఆగే తలుపని అనుకోకూడదు. ద్వారబంధం సంగతీ అంతే. తన్నినప్పుడు చాలాసార్లు ముందు విరిగేది తాళం కాదు, తాళం నాలుక దూరే చోట ఉన్న పలుచటి చెక్క. అక్కడి ఇనుప పలకకు పొట్టి స్క్రూల బదులు గోడదాకా దిగే పొడవాటి స్క్రూలు వేయడం, ద్వారబంధాన్ని గోడకు పట్టే హోల్డ్‌ఫాస్ట్‌లు గట్టిగా ఉన్నాయో లేదో చూడడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు.

ఐరోపాలో ఈఎన్ 1627 ప్రమాణం అందుకే తాళాన్ని విడిగా కాక రెక్క, బంధం, తాళం, మడతబందులు అన్నిటినీ బిగించిన తలుపుగా పరీక్షిస్తుంది. అందులో 2వ తరగతి తలుపు స్క్రూడ్రైవర్, పట్టకారు వంటి చిన్న పనిముట్ల దాడికి 3 నిమిషాలు ఆగాలి. 3వ తరగతి తలుపు గడ్డపార లాంటి ఇనుప కడ్డీ కూడా తోడైన దాడికి 5 నిమిషాలు ఆగాలి. అక్కడ కొలిచేది సమయాన్ని. పగలని తలుపు ఉంటుందని ఆ ప్రమాణమూ చెప్పడం లేదు.

ఇంట్లో మనిషి ఉంటేనే

ఊతకడ్డీకి ఉన్న అతి పెద్ద హద్దు బలానికి సంబంధించినది కాదు. దాన్ని లోపలి నుంచే పెట్టాలి. తాళం వేసి ఊరెళ్ళిన ఇంటి ప్రధాన ద్వారానికి అది పనిచేయదు.

అమెరికా న్యాయ గణాంక విభాగం 2010లో ప్రచురించిన నివేదిక ఈ హద్దు ఎంత పెద్దదో సూచిస్తుంది. 2003 నుంచి 2007 వరకు ఆ దేశంలో ఏటా సగటున 37 లక్షల ఇళ్ళలో దొంగలు చొరబడ్డారు. అందులో సుమారు 28 శాతం సందర్భాల్లోనే ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నారు. అంటే దాదాపు మూడొంతుల చొరబాట్లలో కడ్డీ పెట్టడానికి లోపల మనిషే లేడు. మొత్తం చొరబాట్లలో 7 శాతంలో ఇంటివారి మీద హింస జరిగింది. ఆ హింసాత్మక ఘటనల్లో 65 శాతం చేసింది బాధితులకు తెలిసినవారే. పూర్తిగా కొత్తవారు 28 శాతం. తెలిసినవాడు తలుపు తడితే మనమే కడ్డీ తీసి తెరుస్తాం. ఆ చోట కడ్డీ కంటే తలుపు తెరవకముందు చూసే పీప్‌హోల్, తెరిచినా బయటివాణ్ణి ఆపే గ్రిల్ ఎక్కువ ఉపయోగం.

అమెరికా అంకెలను మన ఊళ్ళకు యథాతథంగా అన్వయించడం సరికాదు. ఇళ్ళ కట్టడం వేరు, ఇంట్లో ఉండే మనుషుల సంఖ్య వేరు, పోలీసులకు ఫిర్యాదు చేసే అలవాటు వేరు. జాతీయ నేర గణాంక సంస్థ ఏటా వెలువరించే ‘క్రైమ్ ఇన్ ఇండియా’ కేసులను సెక్షన్ల వారీగా లెక్కిస్తుంది; దొంగ తోసిన తలుపుకు లోపల ఏ గడియ ఉందో దాని పట్టికలు చెప్పవు. అయినా ఉభయ తెలుగు రాష్ట్రాల్లో పోలీసుల హెచ్చరికలు ఎటు మొగ్గుతాయో గమనించవచ్చు. సంక్రాంతికి, వేసవి సెలవులకు ముందు వచ్చే సూచనల్లో ప్రధానమైనది తాళం వేసిన ఇళ్ళ గురించే. ఊరెళ్తున్నట్టు చెప్పండి, నగలు లాకర్లో పెట్టండి, పక్కవారిని కనిపెట్టి ఉండమనండి అంటారు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) ఏర్పాటు కూడా దానికోసమే. ఊరెళ్ళేవారు కోరితే ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెట్టి కంట్రోల్ రూమ్ నుంచి గమనిస్తారు.

దీనికి ఎదురుగా ఉన్న ఉదాహరణనూ చెప్పాలి. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి పరిసరాల్లో చెడ్డీ గ్యాంగ్ పేరుతో వార్తలకెక్కిన ముఠా రాత్రివేళ ఇళ్ళ మీద పడింది. మనుషులు నిద్రపోతుండగా గుంపుగా వచ్చి తలుపు విరగ్గొట్టే ఇలాంటి దాడి అరుదైనా ప్రాణభయం ఉన్నది. ఊతకడ్డీకి, అడ్డగడియకు నిజంగా పని ఉన్న సందర్భం ఇదే. అవి ముఠాను పూర్తిగా ఆపకపోవచ్చు. తలుపు ఒక్క దెబ్బకు తెరుచుకోకుండా చేసి, చప్పుడుకు ఇంటివారు లేచి 112కు ఫోన్ చేసే వ్యవధి ఇవ్వగలవు.

సర్వేలు చెప్పేది, చెప్పనిది

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2008 నుంచి 2012 వరకు జరిగిన నేర సర్వేల ఆధారంగా ఆండ్రొమాకి సెలోని బృందం ఇంటి భద్రతా పరికరాలను పోల్చింది. ఏ పరికరమూ లేని ఇంటితో పోలిస్తే కిటికీ తాళాలు, టైమర్ మీద వెలిగే లోపలి లైట్లు, తలుపుకు డబుల్ లాక్ లేదా డెడ్‌లాక్, కదలికకు వెలిగే బయటి లైట్లు నాలుగూ ఉన్న ఇంటికి 49 రెట్లు ఎక్కువ రక్షణ కనిపించింది. అలారం ఒక్కటే ఉన్న ఇంటికి మాత్రం మేలు కనబడలేదు సరికదా, ఏమీ లేని ఇంటి కంటే ఫలితం వెనకబడింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, విడి వస్తువు కంటే కూర్పు బలం ఎక్కువ. తలుపు తాళంతో పాటు కిటికీ, వెలుతురు లెక్కలోకి వచ్చాయి. రెండోది, ఇలాంటి పోలికలను జాగ్రత్తగా చదవాలి. అలారం దొంగను పిలిచిందని దీని అర్థం కాదు. విలువైన వస్తువులున్నవారు, లేదా ముప్పు ఎక్కువగా ఉన్న వీధిలో ఉన్నవారు అలారం పెట్టించుకుని ఉండవచ్చు. ఊతకడ్డీ వాడేవారి విషయంలోనూ ఈ చిక్కు ఉంటుంది. భయపడ్డవాడే కడ్డీ కొంటాడు. అతనింట్లో దొంగ పడకపోతే ఆ ఘనత కడ్డీదా, భయంతో పాటు వచ్చిన మిగతా జాగ్రత్తలదా అని విడదీయడం కష్టం.

ఈ చిక్కును కొంతవరకు దాటినది నెదర్లాండ్స్ అధ్యయనం. అక్కడ 1999 నుంచి కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ దొంగలను తట్టుకునే తలుపులు, కిటికీలు తప్పనిసరి చేశారు. ఆ ఇళ్ళకు అవి వచ్చింది యజమాని భయం వల్ల కాదు, నిబంధన వల్ల. బెన్ వోలార్డ్, యాన్ వాన్ ఔర్స్ 2011లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం కొత్త ఇళ్ళలో ఏటా దొంగలు పడే అవకాశం 1.1 శాతం నుంచి 0.8 శాతానికి, అంటే సుమారు 26 శాతం తగ్గింది. ఆ దొంగతనాలు పాత ఇళ్ళ మీదికి మళ్ళిన దాఖలా వారికి కనబడలేదు. గట్టి తలుపు, గట్టి కిటికీ దొంగతనాన్ని తగ్గిస్తాయనడానికి ఇది మంచి ఆధారం. కానీ పరీక్షకు నిలిచింది ఇంటితో పాటే కట్టిన, పగలూ రాత్రీ ఉండే భద్రత. రోజూ గుర్తుంచుకుని పెట్టాల్సిన కడ్డీకి అదే ఫలితం వస్తుందని దీన్నిబట్టి చెప్పలేం.

దొంగ ఎంచుకునే దారి

సెయింట్ లూయిస్ నగరంలో అప్పటికి జైల్లో లేని 105 మంది దొంగలతో మాట్లాడి రిచర్డ్ రైట్, స్కాట్ డెకర్ 1994లో ఒక పుస్తకం వెలువరించారు. అంతకు మూడేళ్ళ ముందు పాల్ క్రామ్‌వెల్ బృందం టెక్సస్‌లో 30 మందితో ఇలాంటి పనే చేసింది. రెండింటిలోనూ ఒక మాట కలుస్తుంది: దొంగల్లో ఎక్కువమంది ముందు చూసేది ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని. ఇది వారు తమ గురించి చెప్పుకున్న మాట కాబట్టి దాన్ని ఆ మేరకే తీసుకోవాలి. అయినా ఇది ఊతకడ్డీకి ఒక ఇబ్బందిని చూపుతుంది. బయటికి కనబడని కడ్డీ దొంగను రాకముందే వెనక్కి పంపలేదు, వచ్చాకే ఎదురవుతుంది. వెనక్కి పంపేది వెలుగుతున్న దీపం, వినబడే మాట, కనబడే గ్రిల్.

గుమ్మం గట్టిదైతే దొంగ వేరే దారి చూస్తాడన్నది పాత సంగతే. మనకు కన్నపు దొంగ అనే మాట రావడానికి కారణం అతను తలుపు జోలికి పోకుండా గోడకు కన్నం వేయడమే. శూద్రకుని ‘మృచ్ఛకటికం’లో శర్విలకుడు చారుదత్తుని ఇంటి గోడ ఇటుకలు తీసి లోపలికి దూరతాడు. ఆ తర్వాత, పారిపోవడానికి దారి కోసం తలుపును తానే తెరుస్తాడు. కిర్రుమనకుండా నీళ్ళు చల్లుతాడు. నాటకం నేర గణాంకం కాదు గానీ, ఇది తర్కంలో తప్పులేని సన్నివేశం. లోపలి గడియ బయట ఉన్నవాడికే అడ్డు. మరో దారిన లోపలికి వచ్చినవాడికి అది ద్వారం తెరిచే పిడి. నేటి ఇంట్లో ఆ మరో దారి వంటింటి వెనక తలుపు, బాల్కనీ స్లైడింగ్ తలుపు, ఊచలు లేని కిటికీ. ముందు తలుపుకు కడ్డీ పెట్టి వీటిని వదిలేస్తే పెట్టిన ఖర్చుకు ఫలం తక్కువ.

లోపలివారికి పొంచి ఉన్న ముప్పు

దొంగను ఆపే అడ్డు మంటల్లో ఇంటివారినీ ఆపగలదు. పొగ నిండిన చీకటి గదిలో, కంగారులో, హ్యాండిల్ కింద బిగుసుకుపోయిన కడ్డీని తీయడం పిల్లలకు, పెద్దవారికి కష్టం. బయటికి వెళ్ళే ప్రధాన తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా, వెతుకులాట లేకుండా తెరుచుకోవాలన్నది అగ్ని భద్రతలో మౌలిక సూత్రం.

ఒంటరి వృద్ధుల విషయం మరీ ఆలోచించాలి. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, తల్లిదండ్రులు మాత్రమే ఉండే ఇళ్ళు మన పట్టణాల్లో చాలా ఉన్నాయి. దొంగల వార్తలు చదివి పిల్లలు ఇలాంటి కడ్డీ కొని పంపడం సహజం. రాత్రి పెద్దాయన స్నానాలగదిలో జారిపడినా, గుండెపోటు వచ్చినా పక్కింటివారి దగ్గర ఉన్న తాళంచెవి అప్పుడు పనికిరాదు. కడ్డీ ఎంత బాగా పనిచేస్తే సాయం అంత ఆలస్యమవుతుంది. అలాంటి ఇంటికి బయటి నుంచి తాళంచెవితో తెరవగల డెడ్‌లాక్, తాళం వేసుకునే గ్రిల్ తలుపు, పక్కవారి దగ్గర ఒక చెవి మెరుగైన కూర్పు.

తేలినవి

పై ఆధారాలను వాటి బలాన్నిబట్టి మూడు వరుసల్లో పెట్టవచ్చు.

గట్టిగా చెప్పగలిగినవి: లోపలికి తెరుచుకునే ఒంటి రెక్క తలుపుకు, పొడి నేల మీద 60 డిగ్రీల దగ్గర నిలబెట్టిన ఊతకడ్డీ తోపుడుకు గణనీయమైన అడ్డు. బయటికి తెరుచుకునే తలుపుకు, తాళం వేసి వెళ్ళిన ఇంటికి అది పనికిరాదు.

నమ్మదగినవి, కానీ పరోక్షమైనవి: తలుపులు, కిటికీలు కలిపి గట్టిపరిస్తే దొంగతనాలు తగ్గుతాయి. ఇంట్లో మనిషి ఉన్నట్టు తెలియడం కడ్డీ కంటే ముందు పనిచేసే రక్షణ.

ఇంకా కొలవాల్సినవి: కడ్డీ పెట్టినందువల్ల ఎన్ని చొరబాట్లు ఆగాయి, ఎన్ని చోట్ల సాయం ఆలస్యమైంది అన్నవి.

ఖర్చు పెట్టే క్రమానికీ ఇదే దారి చూపుతుంది. మొదట ద్వారబంధం, పొడవాటి స్క్రూలు, మంచి డెడ్‌లాక్. తర్వాత వెనక తలుపు, కిటికీలు, గుమ్మం ముందు వెలుతురు. సొంత ఇల్లయితే గోడకు యాంకర్ బోల్టులతో బిగించిన అడ్డగడియ ఊతకడ్డీ కంటే మేలు, ముఖ్యంగా రెండు రెక్కల తలుపుకు. అద్దె ఇల్లయి, గోడ ముట్టుకునే వీలు లేక, ఇంట్లో ఉన్నవారంతా కడ్డీని చీకట్లో తడుముకుని క్షణాల్లో తీయగలిగితే ఊతకడ్డీ కొనడం సబబే. కొన్న రోజు బయట ఒకరిని నిలబెట్టి, మెల్లగా మొదలుపెట్టి బలం పెంచుతూ తలుపు తోయించి చూడాలి. అడుగు జారుతోందా, హ్యాండిల్ కదులుతోందా అన్నది పెట్టె మీది అంకె కంటే ఆ పరీక్షలోనే బాగా తెలుస్తుంది.